రత్నమ్మ చేతిలో పేలని రైఫిల్

కరోనా రావడానికి ముందటి డిసెంబరులో నేను కర్ణాటకలోని బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో జిల్లా పోలీసు ఆర్మరీకి పెద్ద ఆర్మరర్‌గా ఉన్నాను. హోదా అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్. ఆర్మరర్ అంటే తుపాకీ పట్టుకొని దొంగల వెంట పడేవాడని మా బంధువులు చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. పెళ్ళిళ్ళలో పక్కకు పిలిచి, ఎంతమందిని కాల్చావని గుసగుసగా అడుగుతారు. నా పని తుపాకీ కాల్చడం కాదు, వేరేవాళ్ళు కాల్చవలసి వచ్చినప్పుడు అది పేలేలా చూడడం. ఉద్యోగమంతా నూనె మరకల చొక్కాతో, చేతిలో ఫ్లానెల్ గుడ్డతో గడిచింది. బాగా గడిచిందనే చెబుతాను.

డిపార్టుమెంటు ఆయుధాలతో పాటు జిల్లాలోని లైసెన్సు తుపాకులు కూడా అప్పుడప్పుడు మా బల్ల మీదికి వస్తుంటాయి. పంట కాపాడుకోవడానికి రైతులకు ఇచ్చిన లైసెన్సులు కొన్ని పాతకాలం నుంచి నడుస్తున్నాయి. కామసముద్రం వైపు, ఆంధ్రా సరిహద్దు గుట్టల వారన, అడవిపందుల బెడద ఎక్కువ. వాటిని చంపడానికి వీల్లేదు. గాల్లోకో, ఎదురుగా ఉన్న మట్టి దిబ్బలోకో ఒక్క గుండు పేల్చి బెదరగొట్టాలి, అంతే. అలాంటి లైసెన్సు ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారేటప్పుడు తుపాకీని ఆర్మరర్ పరీక్షించి, అది పనిచేసే స్థితిలో ఉందో లేదో రాసి ఇవ్వాలి. పనికిరాదని రాస్తే లైసెన్సు మారదు. తుపాకీ స్టేషన్‌లో జమ అయిపోతుంది, ఇక దాని మొహం చూసేవాడుండడు.

అలా వచ్చిందే మునిస్వామప్ప రైఫిల్. మూడు వందల పదిహేను బోరు వేట రైఫిల్. వెనకటికి వేటగాళ్ళు మోజుపడిన రకం. బోల్ట్ పిడిని పైకెత్తి వెనక్కి లాగి, ముందుకు తోసి మూస్తే ఒక తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. మునిస్వామప్పకు అది తండ్రి ద్వారా వచ్చింది. ఇప్పుడాయనకు కంటిచూపు పోయింది. ఎదుట మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ ఎవరో గొంతు వింటే తప్ప పోల్చుకోలేడు. కూతురు రత్నమ్మ ఆయనను చేయి పట్టుకొని నడిపించుకొచ్చింది, రెండో భుజానికి రైఫిల్ తగిలించుకొని. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. భర్త రైలెక్కి బెంగళూరు పోయి వాచ్‌మన్ పని చేస్తాడు, ఆదివారాల్లో మాత్రం ఊళ్ళో ఉంటాడు. రాగి చేను, మామిడి తోట, ఆవులు, ముసలి తల్లిదండ్రులు అన్నీ ఆమె చేతి మీదే. లైసెన్సులో ఆమె రిటైనర్. అంటే లైసెన్సుదారు తరఫున తుపాకీ పట్టే అనుమతి ఉన్న మనిషి. ఈ ఏటి చేను కాపలా ఆమెదే. తండ్రి లైసెన్సు తన పేరుకు మార్చమని అర్జీ పెట్టుకుంది.

ఇక్కడే చిక్కొచ్చి పడింది. ఆ రైఫిల్ రత్నమ్మ చేతిలో పేలడం లేదు. తెల్లవారుజామున పందుల మంద చేలో దిగినప్పుడు ఆమె గురిపెట్టి మీట నొక్కితే ఉట్టి చప్పుడు తప్ప ఏమీ రాదు. ఆమె చిన్నాన్న కొడుకు శ్రీరాములు వచ్చి పట్టుకుంటే మాత్రం ఢామ్మని పేలుతుంది. ఒకసారి కాదు, ఎప్పుడు పట్టుకున్నా అంతే. ఊరికి ఇంకేం కావాలి! ఆ తుపాకీ ఆడమనిషి చేతికి లొంగదని టీ బంకుల దగ్గర తేల్చేశారు. శ్రీరాములు కూడా పెద్దనాన్నకు తగ్గ వారసుడిని నేనేనని, లైసెన్సు నాకే ఇవ్వాలని తకరారు అర్జీ పడేశాడు. మా వైపు అభ్యంతరానికి ఆ కన్నడ మాటే వాడుక.

శ్రీరాములు చెడ్డవాడేమీ కాదు. గుబురు మీసం, ఇస్త్రీ చొక్కా, ఎవరింట పెళ్ళయినా ముందు వరసలో ఉండే మనిషి. అతనికి రాగి చేను మీద కన్ను లేదు. ఊరేగింపుల్లో భుజాన రైఫిల్‌తో ఫొటో దిగాలని కోరిక. కానీ రత్నమ్మకు ఆ తుపాకీ ఫొటోకు కాదు. పోయిన ఏడాది పందులు సగం చేను దున్నిపోశాయి. ఈ ఏడు కోసి కట్టిన పనలు ఇంకా పొలంలోనే ఉన్నాయి, కొంత కోతకూ ఉంది. లైసెన్సు శ్రీరాములుకు పోతే అతను తెల్లవారుజామున లేచి ఆమె చేనుకు కాపలా వస్తాడా? ఎండ మొహం చూడనిదే దుప్పటి తీయని మనిషి అతను. ఆ సంగతి రత్నమ్మ చెప్పలేదు. ముసలాయనే, కొంచెం నవ్వుతూ, కొంచెం కసిగా చెప్పాడు.

ఈ గోలంతా విన్నప్పుడు నాకు మొదట వచ్చింది కోపం. నాకు కోపం తొందరగా వస్తుంది, ఇంట్లో అడిగినా చెబుతారు. తుపాకీకి మనసుందనీ, అలుగుతుందనీ, మనిషిని చూసి నడుచుకుంటుందనీ ఎవరైనా అంటే నా ఒళ్ళు మండుతుంది. అది ఇనుము, కర్ర, స్ప్రింగు. పేలకపోతే అందులో ఏదో ఒకటి తన పని చేయలేదన్నమాట. దాన్ని వెతకడానికే సర్కారు నాకు జీతమిచ్చేది.

పేలని తుపాకీని చూడడానికి ఒక పద్ధతి ఉంది. ముందు తూటాను చూస్తాం. తూటా అడుగున రాగి రంగులో చిన్న టోపీ ఉంటుంది, క్యాప్ అంటాం. మీట నొక్కితే బోల్ట్ లోపలున్న ఫైరింగ్ పిన్ను స్ప్రింగు బలంతో దూసుకొచ్చి ఆ క్యాప్‌ను పొడుస్తుంది. ఆ దెబ్బకు నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. పిన్నును మా భాషలో సూది అంటాం. సూది గట్టిగా పొడిస్తే క్యాప్ మీద లోతైన గుంట పడుతుంది. రత్నమ్మ తెలివిగా పేలని తూటాలు రెండు దాచి తెచ్చింది. భూతద్దం పెట్టి చూశాను. గుంటలు పడ్డాయి గానీ లోతు లేవు, బొటనవేలి గోరుతో నొక్కినట్టు ఉన్నాయి. అంటే తూటాల తప్పు కాదు, దెబ్బలో బలం లేదు. స్ప్రింగు నీరసించిందని నా అనుమానం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రైఫిల్‌ను, బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల అవతలున్న మా ఫైరింగ్ రేంజికి తీసుకుపోయాను. అక్కడ డిపార్టుమెంటు మనుషులు తప్ప బయటివాళ్ళు కాల్చకూడదు. అందుకని తండ్రీకూతుళ్ళను తాడు కట్టిన గీత వెనక నిలబెట్టి నేనే కాల్చాను. మొదటిది పేలింది. రెండోది, మూడోదీ పేలాయి. ఆ పేలని తూటాలు రెండింటినీ ఎక్కించాను. అవీ పేలాయి! స్ప్రింగు నీరసించి ఉంటే అలా పేలవు. మీట చూశాను, సూది మొన ఎంత బయటికొస్తోందో కొలత పెట్టి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఎప్పుడొచ్చాడో శ్రీరాములు కూడా గీత వెనక చేరాడు. చేతులు కట్టుకొని మీసాల్లో నవ్వుతున్నాడు.

“నేను చెప్పలేదా సార్? మగోళ్ళ చేతిలో పేలతాది. మా అక్కది తప్పని నేనెందుకంటాను, తుపాకీ రాశి అట్లుండాది.”

రాశట! నాకు నోటిదాకా వచ్చిన మాట యూనిఫారం మీద గౌరవంతో మింగాను. రత్నమ్మ మాత్రం అతని వైపు తిరగలేదు. నన్నే చూస్తోంది. ఆ చూపులో నాకు అర్థమైంది ఏమిటంటే, ఆమెకే ఇప్పుడు తన మీద తనకు అనుమానం మొదలైంది. నాకు అది బాధగా తోచింది. పనిచేసే మనిషికి తన చేతుల మీద నమ్మకం పోతే ఇంక ఏం మిగులుతుంది?

బోల్ట్ విప్పి చూడకపోయావా అని ఈ వృత్తి తెలిసినవారు అడుగుతారు. మాకో కట్టడి ఉంది. లోపం కళ్ళకు కనిపించనిదే సొంతదారుల ఆయుధం లోపలి భాగాలు విప్పకూడదు. విప్పాక ఏ చిన్న మర తేడా వచ్చినా ఆర్మరీ పేరు చెడుతుంది. పేలుతున్న తుపాకీని ఏ కారణం చూపించి విప్పను? సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టకుండా మా ఆర్.పి.ఐ. దగ్గరికి పోయాను. ఆర్.పి.ఐ. అంటే రిజర్వు పోలీస్ ఇన్‌స్పెక్టర్, మా విభాగానికి పెద్ద. మైసూరు వైపు మనిషి, హాస్యప్రియుడు, పని దగ్గర మాత్రం గట్టివాడు. అంతా విని, తుపాకీ ఎక్కడ మొరాయిస్తోందో అక్కడే చూడాలి గదా, ఇక్కడ కూర్చొని ఏం లాభం అన్నాడు. రైఫిల్‌ను వాళ్ళతోనే ఇంటికి పంపి, పొలంలోనే పరీక్ష పెట్టమని ఆర్డరు రాసిచ్చాడు. అది సరైన మాట.

మర్నాడు చీకటితోనే జీపులో బయలుదేరాను. రాబర్ట్‌సన్‌పేట బజారులో పాలవాళ్ళు తప్ప ఎవరూ లేరు. డిసెంబరు చలి మా పీఠభూమిలో ఎలా ఉంటుందో బయటివాళ్ళకు తెలియదు. కోతి టోపీ లోపలికి కూడా గాలి దూరుతోంది. కామసముద్రం దాటి వాళ్ళ చేను చేరేసరికి తూర్పున కొంచెం తెల్లబడింది. పనల మీద మంచు పొడిలా పట్టి ఉంది. రత్నమ్మ ఇంటి వసారాలో పెట్టిన రైఫిల్‌ను తెచ్చింది. ఇనుము ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమన్నాయి.

చేను చివర పాడుపడిన బండల క్వారీ ఉంది. దాని మట్టి గోడకు గురిపెట్టమన్నాను. ఆమె నిలబడిన తీరు, భుజానికి ఆనించిన తీరు మా రిక్రూట్లకు చూపించదగ్గట్టు ఉన్నాయి. మీట నొక్కింది. పేలలేదు. పేలని తూటాను వెంటనే బయటికి లాగకూడదు, ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది. గొట్టం మట్టి గోడ వైపే ఉంచి కాసేపు ఆగాం. ఆ కాసేపూ నేను ఆ చప్పుడునే తలచుకుంటున్నాను. సూది పొడిస్తే ‘టక్’మనాలి. ఇది ‘తుప్’మంది, పరుపు మీద కొట్టినట్టు.

తరువాత నేను తీసుకున్నాను. కొత్త తూటా ఎక్కించి నొక్కాను. తుప్.

తుపాకీ పేలనందుకు నా సర్వీసులో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. గట్టిగా నవ్వేశాను. రత్నమ్మ, జీపు డ్రైవరు నన్ను వింతగా చూశారు.

“అమ్మా, నా చేతిలోనూ పేలలేదు చూసినావా? నాకూ మీసం ఉండాది గదా!” అన్నాను.

ఆమెకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆ తర్వాత ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నన్ను కలిసినప్పటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

నవ్వులు ఎంతోసేపు నిలవలేదు. రైఫిల్‌ను ఇంటికి తెచ్చి వసారా గోడకు ఎండ తగిలేచోట ఆనించాం. రత్నమ్మ తల్లి నంజమ్మ ఉప్పిట్టు అనే ఉప్మా, కాఫీ పెట్టింది. నేను తింటూ లోపల లెక్కలు వేసుకుంటున్నాను. అంతలో బాగా పొద్దెక్కాక శ్రీరాములు దిగబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన మీసం, కడుపు నిండా ఇడ్లీ. సార్ వచ్చినారని తెలిసి వచ్చినానని, ఒక్కసారి తన చేతికీ ఇచ్చి చూడమని అన్నాడు. కాదనడానికి కారణం లేదు. క్వారీ దగ్గరికి పోయాం. గొట్టం ఎత్తాడు, నొక్కాడు. ఢామ్మని పేలి, గుట్టల్లో మారుమోగింది.

ఇక అతని మొహం చూడాలి! నంజమ్మ వసారాలో చతికిలబడి కళ్ళు తుడుచుకుంది. ఇంత కష్టపడి ఇల్లు ఈదుతున్న బిడ్డను తుపాకీ కూడా వద్దనేసిందా అని ఆమె ఏడుపు. రత్నమ్మ పశువుల కొట్టంలోకి పోయి పేడ ఎత్తడం మొదలుపెట్టింది. మొహం దాచుకోవడానికి అక్కడికి పోయిందని అందరికీ తెలుసు. నాకు ఒకటే తెలుసు, ఆ ఇనుప ముక్క నన్ను ఆట పట్టిస్తోంది. పొద్దున నా చేతిలో పేలనిది ఇప్పుడు అతని చేతిలో ఎందుకు పేలాలి? చేయి కాదు, ఇంకేదో మారింది.

నంజమ్మ కళ్ళు తుడుచుకొని లేచి తన పనిలో పడింది. ముసలాయన మోకాళ్ళకు రోజూ నూనె రాస్తుందట. అందుకని కొబ్బరినూనె సీసా తెచ్చి ఎండలో పెట్టింది. రైఫిల్ ఆనించి ఉన్న గోడ పక్కనే. నేను పరధ్యానంగా ఆ సీసాను చూస్తూ కూర్చున్నాను. గోడవైపు నూనె ఇంకా తెల్లగా, వెన్నముద్దలా గడ్డకట్టి ఉంది. ఎండ తగులుతున్న వైపు నీళ్ళలా కరిగి ఉంది. మా ఇంట్లో స్నానాల గదిలో చలికాలం అంతా చూసే దృశ్యమే. చూస్తూ చూస్తూ లేచి నిలబడ్డాను. కాఫీ లోటా తన్నేశాను కూడా.

తుపాకీకి ఏం నూనె వేస్తారని నంజమ్మను అడిగాను. ఆమె కన్నీళ్ళలోనే గర్వంగా చెప్పింది.

“ఇదే సార్. మా చెట్టు కాయలు ఎండబెట్టి గానుగ ఆడించిన నూనె. ఆయన కండ్లు బాగున్నన్నాళ్ళు కుట్టుమిషన్ నూనె ఏసేవాడు, గబ్బు వాసన. దేవుని ముందర పెట్టేదానికి అదేం నూనె? ఈ ఏడు ఆయుధపూజకు నేనే సందుసందులోకీ బాగా పోసి, కుంకుమ పెట్టి పూజ చేసినాను.”

సందుసందులోకీ! ఆమెను అక్కడే కౌగిలించుకోవాలనిపించింది. మునిస్వామప్ప చూపు పోయిన ఏడే తుపాకీ రత్నమ్మ చేతికి వచ్చింది. అదే ఏడు నూనె డబ్బా నంజమ్మ చేతికి వచ్చింది. ఆయుధపూజకు వెచ్చగానే ఉంటుంది, నూనె బోల్ట్ లోపలికి దిగి స్ప్రింగు చుట్టూ నిండింది. చలి ముదిరేసరికి తెల్లవారుజామున గడ్డకట్టింది. సూది ఆ గడ్డలోంచి ఈదుకుంటూ వచ్చి క్యాప్‌ను తట్టి ఊరుకుంటోంది. పొద్దెక్కితే నూనె కరిగిపోతుంది, తుపాకీ మామూలుగా పేలుతుంది. రత్నమ్మ చలిలో కాపలాకు పోతుంది. శ్రీరాములు ఎండెక్కాక వస్తాడు. అతని చేతి మహిమ అంతా అతని నిద్రలో ఉంది.

ఇక్కడ నేను తొందరపడితే చెడిపోయేది. అప్పటికప్పుడు బోల్ట్ విప్పి తుడిచేస్తే తుపాకీ బాగవుతుంది, కానీ ఆర్మరర్ ఏదో మాయ చేసి రత్నమ్మ పక్షం కట్టాడని తకరారు అలాగే ఉంటుంది. మామీద పడేది మాట. లోపాన్ని లోపంగానే అందరికీ చూపించాలి. శ్రీరాములుతో ఏమీ అనలేదు. రైఫిల్‌ను ఎవరూ తుడవకూడదని, రాత్రికి ఎప్పటిలాగే వసారాలో ఉంచమని చెప్పి, ఆర్.పి.ఐ. గారికి ఫోన్ చేసి రేపు తెల్లవారుజామున స్వయంగా రమ్మని కోరాను. ఎందుకని అడిగాడు. వస్తే తెలుస్తుంది సార్ అన్నాను. మా మధ్య ఆ మాత్రం చనువుంది.

మర్నాడు ఆర్.పి.ఐ. మఫ్లర్ చుట్టుకొని దిగాడు. శ్రీరాములును మాత్రం దుప్పటితో సహా లేపుకొని రావలసి వచ్చింది. చొక్కాకు ఇస్త్రీ లేదు, మీసం ఒకవైపు ఒరిగింది. నిన్న పేల్చావు గదా, ఇవాళా పేల్చు అన్నాను. ధీమాగా పట్టుకొని నొక్కాడు. తుప్. ఆగమన్నంతసేపు ఆగి, మళ్ళీ బోల్ట్ లాగి నొక్కాడు. తుప్. అప్పుడు ఆర్.పి.ఐ. తాను అందుకున్నాడు, పోలీసు పోటీల్లో పతకాలు తెచ్చిన చేయి అది. తుప్ మంది. ఆయన రైఫిల్ దించి నా వైపు తిరిగాడు.

“ఏమప్పా, నేనూ ఆడమనిషినైపోయినానే!”

చుట్టూ చేరిన ఊరివాళ్ళు నవ్విన నవ్వుకు క్వారీ గోడ కూలుతుందేమో అనిపించింది.

అప్పుడు లోపం అందరికీ కనిపించింది గనుక విప్పే హక్కు వచ్చింది. మంచం మీద గుడ్డ పరిచి అందరి ముందూ బోల్ట్ ఊడదీశాను. దాని తల మర తిప్పి తీసి, పనిముట్టుతో సూదిని, స్ప్రింగును బయటికి లాగాను. స్ప్రింగు చుట్టల మధ్య తెల్లని గడ్డ, అక్కడక్కడా కుంకుమ కలిసి గులాబి రంగు. కోవా బిళ్ళలా ఉందని ఎవరో అన్నారు. ఆర్.పి.ఐ. వేలితో తీసి వాసన చూసి, మంచి నూనెమ్మా, తలకు రాసుకోవచ్చు అని మెచ్చుకున్నాడు. నంజమ్మకు ఒకపక్క సిగ్గు, ఒకపక్క ఆ మెప్పుకు సంతోషం. నేను కిరోసిన్‌తో ప్రతి భాగమూ కడిగి, ఫ్లానెల్ గుడ్డతో పొడిగా తుడిచి, సన్న నూనె ఒక్క చుక్క వేలికి రాసుకొని సూదికి పట్టించి మళ్ళీ బిగించాను. సూర్యుడు ఇంకా గుట్ట దాటలేదు, చలి చలిగానే ఉంది. అది చూసుకున్నాకే రైఫిల్‌ను రత్నమ్మ చేతిలో పెట్టాను.

ఆమె తూటా ఎక్కించింది. మునిస్వామప్ప చెవి ఇటు తిప్పి నిలబడ్డాడు. అన్నీ నా చేతులతో బిగించినవాడిని, అయినా నాకే భయం పట్టుకుందంటే నమ్మండి. ఆమె మీట నొక్కింది.

పేలింది. ఆ మోతకు చేను అవతలి కొసన కోయని రాగిలోంచి పందుల మంద లేచింది, మేమందరం ఇంతసేపూ నవ్వుకుంటుంటే అవి అక్కడే హాయిగా మేస్తున్నాయన్నమాట. తల్లి ముందు, పిల్లలు వెనక, తోకలెత్తి గుట్ట వైపు ఒకటే పరుగు. ఇంగ కుప్పం దాకా నిలవవని మునిస్వామప్ప అన్నాడు. కళ్ళు లేకపోయినా ఆ గిట్టల చప్పుడు ఆయనకు చాలింది. రత్నమ్మ రైఫిల్ దించి, ముందు బోల్ట్ వెనక్కి లాగి ఖాళీ గొట్టం చూసుకుంది. పద్ధతి ప్రకారం చేయవలసింది అదే. అంత సంతోషంలోనూ మరిచిపోలేదు. ఆర్.పి.ఐ. అది గమనించి తల ఊపాడు. ఆ తల ఊపుడుతోనే లైసెన్సు ఎవరికి పోతుందో నాకు తెలిసిపోయింది.

శ్రీరాములు తకరారు అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నాడు. అక్క మొహం చూసి చెప్పడానికి మొహమాటపడి తన పెద్దనాన్నతో చెప్పాడు. రత్నమ్మ అతన్ని తప్పుపట్టలేదు. రేపటి నుంచి నువ్వూ ఒక జాము కాపలాకు రా, తుపాకీ నేను పట్టుకుంటాను, టార్చి నువ్వు పట్టుకో అంది. అంతమంది ముందు ఒప్పుకోక ఏం చేస్తాడు?

నంజమ్మతో మాత్రం బేరం కుదరడానికి చాలాసేపు పట్టింది. పూజ మానేయమంటే ఆమె ఒప్పుకోదు, నేను మానమననూ లేదు. పసుపు కుంకుమలు కర్ర భాగానికి పెట్టుకో, ఇనుముకు వద్దన్నాను. దేవికి కర్ర మీద బొట్టేమిటని ఆమె. చివరికి గొట్టం పైన, బయటివైపు ఒకే ఒక బొట్టుకు రాజీపడ్డాం. నూనె మాత్రం దేవుడి దీపానికే. ఆయుధపూజ నాడు మీ ఆర్మరీలోనూ కుంకుమ పెడతారు గదా, అక్కడ మీరేం చేస్తారని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. మర్నాడు పొద్దున్నే అన్నీ విప్పి తుడుస్తామమ్మా అన్నాను. అది నిజం. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

నా రిపోర్టు పోయింది, ఆర్.పి.ఐ. సిఫారసు పోయింది. సంక్రాంతి దాటాక రత్నమ్మ లైసెన్సు పుస్తకం తీసుకోవడానికి ఆఫీసుకు వచ్చింది. ఆ రోజు నేను వేరే పని మీద అక్కడే ఉన్నాను. బల్ల దగ్గరి గుమాస్తా తల ఎత్తకుండానే, లైసెన్సుదారు యాడమ్మా, ఆయన సంతకం కావాల అన్నాడు.

“నేనే సార్,” అని ఆమె పెన్ను అందుకుంది.

ఆ తరువాత రిటైరయ్యే దాకా నా పరీక్ష రిపోర్టుల్లో రెండు వరసలు అదనంగా రాసేవాడిని. పరీక్ష ఏ వేళ జరిగింది, ఆ వేళకు వాతావరణం ఎలా ఉంది. ఆర్మరీకి వాతావరణ శాఖ వచ్చిందని తోటివాళ్ళు ఆట పట్టించేవారు, పట్టించనీ. తుపాకీ మొరాయించిందని ఎవరైనా వస్తే ఏం చేయాలో, ఇప్పుడు కొత్తగా చేరిన ఆర్మరర్లకు నేను చెప్పేది ఒక్కటే. ఎవరి చేతిలో అని అడిగే ముందు ఏ వేళకు అని అడగండి, ఆ వేళకే అక్కడికి పోయి చూడండి. మధ్యాహ్నం రేంజిలో పేలిన రైఫిల్ మధ్యాహ్నం పేలుతుందని మాత్రమే రుజువు చేస్తుంది.